గ్రిబ్2 ఫైళ్లలో మిస్సింగ్ వాల్యూ తప్పులు: ఎక్కడ పుడతాయి, ఎలా సరిచేయాలి

"మచిలీపట్నం దగ్గర నేల తేమ 2499.975 వస్తోంది." "ఉష్ణోగ్రత 9725.85 డిగ్రీలు చూపిస్తోంది." "విలువల లెక్క సరిపోలేదంటూ డీకోడర్ మధ్యలో ఆగిపోయింది." ఇవి నాకు వచ్చే ప్రశ్నలు. మాటలు వేరైనా అందరూ అడుగుతున్నది ఒకటే. గ్రిబ్2 అనే ఫార్మాట్‌లో వచ్చే వాతావరణ అంచనా ఫైల్‌లో విలువ లేని (మిస్సింగ్) పాయింట్లు కొన్ని ఉంటాయి, వాటిని మన ప్రోగ్రామ్ సరిగ్గా గుర్తించడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు మొత్తం ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఉదాహరణకి అమెరికా వాతావరణ అంచనా కేంద్రం ఎన్‌సీఈపీ వారి ప్రపంచవ్యాప్త మోడల్ జీఎఫ్‌ఎస్, 0.25 డిగ్రీల గ్రిడ్ తీసుకున్నాను. గ్రిబ్2 ఫార్మాట్‌లో వచ్చే ఏ మోడల్‌కైనా ఇవే మెట్లు పనికొస్తాయి. ఆదేశాల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఆయా టూల్స్ డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ఒక్క నియమం ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద చెప్పే మరమ్మతులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పాయింట్ ఖాళీ అవునో కాదో దాని స్థానాన్ని బట్టి తేల్చాలి, అక్కడ కనిపించే అంకెను బట్టి కాదు.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ సొంత డీకోడర్‌నో (ఫైల్‌లోని బిట్లను విలువలుగా విప్పే ప్రోగ్రామ్), మీరు వాడుతున్న లైబ్రరీనో అనుమానించే ముందు పోల్చుకోవడానికి ఇంకో రెండు డీకోడర్లు కావాలి. నేను డబ్ల్యూగ్రిబ్2, ఈసీకోడ్స్ వాడతాను. మొదటిది ఎన్‌సీఈపీ వైపు నుంచి వచ్చింది, రెండోది యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్‌ది. రెండూ వేర్వేరుగా రాసినవి కాబట్టి ఒకదానిలోని తప్పు రెండోదానిలోనూ ఉండే అవకాశం తక్కువ.

పరీక్షకి 500 మెగాబైట్ల ఫైల్ అక్కర్లేదు. ఒకే ఫైల్ నుంచి రెండు ఫీల్డులు (ఫీల్డ్ అంటే ఒక కొలతకి గ్రిడ్ మొత్తం మీద ఉన్న విలువలు) విడిగా తీసి పెట్టుకోండి:

- 2 మీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత. ఇందులో ప్రతి పాయింట్‌కీ విలువ ఉంటుంది.
- 0 నుంచి 0.1 మీటర్ల లోతు నేల తేమ. సముద్రం మీద ఇది ఖాళీ.

మొదటిది సరిగ్గా వచ్చి రెండోది పాడైతే తప్పు ఖాళీల దగ్గరే ఉంది. రెండూ పాడైతే ప్యాకింగ్ (విలువలను తక్కువ బిట్లలోకి కుదించడం) లెక్కలోనో డౌన్‌లోడ్‌లోనో చూడాలి. ఈ ఒక్క పోలిక సగం సమస్యలను అక్కడికక్కడే విడదీస్తుంది.

ఈ అంకెలు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి:

- 0.25 డిగ్రీల గ్రిడ్: 1440 × 721 = 1038240 పాయింట్లు
- 0.5 డిగ్రీల గ్రిడ్: 720 × 361 = 259920 పాయింట్లు
- 1 డిగ్రీ గ్రిడ్: 360 × 181 = 65160 పాయింట్లు

## 2. ఏ రకం ఖాళీయో తేల్చుకోండి

"మిస్సింగ్" అని అందరూ ఒకే మాట వాడతారు కానీ దాని వెనక ఐదు వేర్వేరు జబ్బులున్నాయి. మందు కూడా వేర్వేరు.

- ఫైల్ సగమే దిగింది.
- ఫైల్ బాగానే ఉంది, మీకు కావాల్సిన ఫీల్డే అందులో లేదు.
- ఫీల్డ్ ఉంది, ఖాళీలు బిట్‌మ్యాప్‌లో (ఏ పాయింట్‌లో విలువ ఉందో బిట్లతో చెప్పే పట్టిక) గుర్తించి ఉన్నాయి.
- బిట్‌మ్యాప్ లేదు, ఖాళీలను డేటా లోపలే ప్రత్యేక సంకేతంతో దాచారు.
- డీకోడర్ సరిగ్గానే ఇచ్చింది, తర్వాత మన కోడే ఖాళీని అంకెగా పట్టుకుని లెక్కలు వేసింది.

నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఐదో రకమే. అయినా మొదటి నుంచి వరసగానే వెళ్లండి. సగం దిగిన ఫైల్ మీద బిట్‌మ్యాప్ కోడ్ సరిచేస్తూ ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నవాణ్ని నేను.

## 3. ఫైల్ పూర్తిగా దిగిందా?

గ్రిబ్2 ఫైల్ అంటే మెసేజ్‌ల వరస, మామూలుగా ఒక్కో మెసేజ్‌లో ఒక్కో ఫీల్డ్. మెసేజ్ మొదటి నాలుగు బైట్లు 71, 82, 73, 66. అవి ఆ ఫార్మాట్ పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. ఎనిమిదో బైట్ ఎడిషన్ సంఖ్య, అంటే 2. తొమ్మిది నుంచి పదహారు వరకు ఉన్న బైట్లలో ఆ మెసేజ్ మొత్తం పొడవు ఉంటుంది. చివరి నాలుగు బైట్లు "7777", అంటే 55 నాలుగుసార్లు.

సరిచూడాల్సినవి:

- మొదటి బైట్ 71 కాకుండా 60 అయితే మీరు దించింది డేటా కాదు, సర్వర్ పంపిన ఎర్రర్ పేజీ.
- పొడవు ప్రకారం ముందుకు వెళ్తే సరిగ్గా "7777" దగ్గర ఆగాలి.
- ఆ వెంటనే తర్వాతి మెసేజ్ మొదలవ్వాలి, లేదా ఫైల్ అయిపోవాలి.

ఇండెక్స్ ఫైల్ (ఏ మెసేజ్ ఎన్నో బైట్ దగ్గర మొదలవుతుందో చెప్పే జాబితా) చూసి కావాల్సిన ముక్కలు మాత్రమే దించుకునేవాళ్లకి ఇక్కడ రెండు గోతులున్నాయి. హెచ్‌టీటీపీలో బైట్ల పరిధి అడిగేటప్పుడు చివరి బైట్ కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ముక్క చివర అంటే తర్వాతి మెసేజ్ ప్రారంభం నుంచి ఒకటి తీసేసిన సంఖ్య. రెండు తీసేస్తే చివరి 7 పోతుంది, డీకోడర్ అలుగుతుంది.

రెండో గొయ్యి ఇంకా లోతు. ఒకే మెసేజ్‌లో రెండు ఫీల్డులు ఉపమెసేజ్‌లుగా ఉంటే, ఇండెక్స్‌లో రెండు వరసలకీ ప్రారంభం ఒకటే ఉంటుంది. గాలి తూర్పు, ఉత్తర భాగాలను ఇలా జంటగా పెట్టడం పాత అలవాటు. "తర్వాతి వరస ప్రారంభం మైనస్ ఒకటి" అని గుడ్డిగా లెక్కేస్తే చివర మొదలుకంటే ముందుకు వస్తుంది. తర్వాతి వరస కాదు, ప్రారంభం మారిన తర్వాతి వరస వెతకండి.

## 4. ఫీల్డ్ అసలు ఉందా?

డబ్ల్యూగ్రిబ్2‌ని ఏ ఆప్షన్ లేకుండా ఫైల్ మీద నడిపితే జాబితా ఇస్తుంది. అందులో మీ ఫీల్డ్ పేరు, లెవెల్, సమయం మూడూ కలిసే వరస ఉందో లేదో చూడండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పడిపోయేది సున్నా గంట ఫైల్ (అంచనా మొదలయ్యే క్షణపు ఫైల్) దగ్గర. జీఎఫ్‌ఎస్‌లో పోగుపడిన వర్షపాతం సున్నా గంటలో ఉండదు. ఇంకా గడవని కాలానికి వాన ఎక్కణ్నుంచి పోగవుతుంది? ఇది మిస్సింగ్ వాల్యూ కాదు, మిస్సింగ్ మెసేజ్. లూప్‌ను వర్షానికి మాత్రం మొదటి అంచనా గంట నుంచి నడపండి, సున్నా గంటకి సున్నాలు నింపొద్దు.

వర్షం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆరు గంటల మొత్తంలోంచి మూడు గంటల మొత్తం తీసేస్తే కొన్నిచోట్ల చిన్న నెగెటివ్ సంఖ్య రావచ్చు. రెండు ఫీల్డులనూ ప్యాక్ చేసేటప్పుడు జరిగిన కుదింపు తేడా అది. దాన్ని ఖాళీ అనుకుని మాస్క్ చేసేవాళ్లు, అంటే లెక్కలోంచి తప్పించేవాళ్లు ఉన్నారు. అది ఖాళీ కాదు, సున్నా చేస్తే సరిపోతుంది.

## 5. నాలుగు లెక్కలు రాసుకోండి

ఇక అసలు పని. గ్రిబ్2 మెసేజ్‌ను సెక్షన్లుగా విడదీస్తారు. మనకి కావాల్సినవి నాలుగు: గ్రిడ్ వివరాల 3వ సెక్షన్, ప్యాకింగ్ చెప్పే 5వ సెక్షన్, బిట్‌మ్యాప్ ఉండే 6వ సెక్షన్, విలువలుండే 7వ సెక్షన్. ఈసీకోడ్స్‌లోని గ్రిబ్_డంప్ ఆదేశానికి పెద్ద "ఓ" ఆప్షన్ ఇస్తే బైట్ సంఖ్యలతో సహా అన్నీ చూపిస్తుంది.

రాసుకోవాల్సినవి:

- 3వ సెక్షన్ చెప్పే మొత్తం పాయింట్లు
- 5వ సెక్షన్ 6 నుంచి 9 బైట్లు చెప్పే విలువల సంఖ్య
- 5వ సెక్షన్ 10, 11 బైట్లు చెప్పే టెంప్లేట్ సంఖ్య, అంటే ఏ ప్యాకింగ్ పద్ధతో చెప్పేది
- 6వ సెక్షన్ ఆరో బైట్ చెప్పే బిట్‌మ్యాప్ సూచిక

సూచిక 0 అయితే బిట్‌మ్యాప్ ఈ సెక్షన్‌లోనే ఉంది. 255 అయితే బిట్‌మ్యాప్ లేదు. 254 అయితే ఇదే మెసేజ్‌లో అంతకుముందు వచ్చిన బిట్‌మ్యాప్‌నే మళ్లీ వాడుకోమని అర్థం. 1 నుంచి 253 వరకు ఉన్నవి ఆయా కేంద్రాలు ముందే నిర్ణయించుకున్నవి. మామూలు వాడకంలో కనబడవు, కనబడితే కోడ్ ఎర్రర్ చెప్పి ఆగిపోవాలి, ఊహించకూడదు.

254తో జాగ్రత్త. ప్రతి ఉపమెసేజ్‌కీ బిట్‌మ్యాప్‌ను చెరిపేసే కోడ్ రాస్తే జంటలో మొదటి ఫీల్డ్ చక్కగా వస్తుంది, రెండోది చెదిరిపోతుంది. మెసేజ్ మారినప్పుడు మాత్రమే చెరపాలి.

ఇప్పుడు మొత్తం పాయింట్లు, విలువల సంఖ్య పోల్చండి. బిట్‌మ్యాప్ ఉంటే విలువల సంఖ్య తక్కువగా ఉండొచ్చు, అది సహజం. బిట్‌మ్యాప్ లేకపోతే రెండూ సమానం కావాలి. "సంఖ్య సరిపోలేదు" అనే ఎర్రర్లు చాలావరకు ఈ తేడా తెలియని డీకోడర్లు ఇచ్చేవే. 1038240 విలువలు చదవాలని కూర్చుంటాయి, 7వ సెక్షన్‌లో అన్ని ఉండవు.

## 6. బిట్‌మ్యాప్ ఉన్నప్పుడు

బిట్‌మ్యాప్‌లో ప్రతి గ్రిడ్ పాయింట్‌కీ ఒక బిట్. 1 అంటే విలువ ఉంది, 0 అంటే ఖాళీ. 7వ సెక్షన్‌లో ఉన్న విలువల మీద వేరే సూచీ నడపాలి. బిట్ 1 అయిన చోట మాత్రమే తర్వాతి విలువ తీసుకుని, ఆ సూచీని ముందుకు జరపాలి. బిట్ 0 అయితే ఖాళీ గుర్తు పెట్టి సూచీని అక్కడే ఉంచాలి.

చెప్పినంత తేలికే, అయినా తప్పులు ఇక్కడే దొర్లుతాయి:

బిట్ల వరస. ప్రతి బైట్‌లోనూ పెద్ద విలువ ఉన్న బిట్ నుంచి, అంటే ఎడమ నుంచి చదవాలి. కుడి నుంచి చదివితే తీరరేఖ రంపపు పళ్లలా ఎనిమిదేసి పాయింట్ల ముక్కలుగా కనిపిస్తుంది. మ్యాప్ గీసి చూస్తే వెంటనే దొరికిపోయే తప్పు ఇది.

పొడవు. 0.25 గ్రిడ్‌కి 1038240 బిట్లు సరిగ్గా 129780 బైట్లు. సెక్షన్ తలకట్టు 6 బైట్లు కలిపితే 129786. 1 డిగ్రీ గ్రిడ్‌కి 8145 + 6 = 8151. ఈ సంఖ్యలు రాకపోతే మీరు తప్పు చోట చదువుతున్నారు. ఒక ప్రాంతం మాత్రమే కత్తిరించిన గ్రిడ్‌లో పాయింట్ల సంఖ్య 8తో భాగించబడకపోవచ్చు. అప్పుడు చివరి బైట్‌లో మిగిలిన బిట్లను పట్టించుకోకూడదు.

ఒకట్ల లెక్క. బిట్‌మ్యాప్‌లోని ఒకట్లన్నీ కూడితే 5వ సెక్షన్ చెప్పిన విలువల సంఖ్య రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ పాయింట్ నుంచి మొత్తం ఫీల్డ్ పక్కకి జరుగుతుంది. ఈ పరీక్షను కోడ్‌లోనే పెట్టండి, విఫలమైతే ఆ ఫీల్డ్‌ను తిరస్కరించండి.

తిప్పడం. బిట్‌మ్యాప్ కూడా గ్రిడ్ స్కాన్ వరసలోనే ఉంటుంది. జీఎఫ్‌ఎస్‌లో మొదటి పాయింట్ ఉత్తర ధ్రువం, సున్నా రేఖాంశం. ముందు విలువలను బిట్‌మ్యాప్‌తో విప్పండి, తర్వాత మీకు కావాల్సినట్టు తిప్పుకోండి. విలువలను తిప్పేసి బిట్‌మ్యాప్‌ను తిప్పడం మరిచిపోతే దక్షిణార్ధగోళపు సముద్రాలు ఉత్తరాన తేలుతాయి.

## 7. ఖాళీలు డేటా లోపలే ఉన్నప్పుడు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. చాలామంది సొంత డీకోడర్లు ఈ గడప దగ్గరే బోర్లా పడతాయి.

టెంప్లేట్ 0 సరళ ప్యాకింగ్. దానిలో ఖాళీలకి బిట్‌మ్యాప్ తప్ప వేరే దారి లేదు. టెంప్లేట్ 2, 3 సంక్లిష్ట ప్యాకింగ్. విలువలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకి ఒక్కో బిట్ల వెడల్పు ఇస్తాయి. 3లో అదనంగా పక్కపక్క విలువల తేడాలు తీసి దాస్తారు. ఈ రెండింట్లో 5వ సెక్షన్ 23వ బైట్ చూడాలి:

- 0: డేటా లోపల ఖాళీలు లేవు
- 1: ఒక రకం ఖాళీలు ఉన్నాయి
- 2: రెండు రకాల ఖాళీలు ఉన్నాయి

ఇలాంటి ఫీల్డ్‌లో బిట్‌మ్యాప్ సూచిక 255 ఉన్నా ఖాళీలు ఉండొచ్చు! "255 కాబట్టి అన్నీ విలువలే" అని రాసిన కోడ్ ఇక్కడే మోసపోతుంది. 5వ సెక్షన్‌లోని సంఖ్య కూడా ఖాళీలను కలుపుకునే చెబుతుంది కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది.

విప్పే వరస:

1. గుంపు వెడల్పు సున్నా కాకపోతే, ఆ వెడల్పులో అన్ని బిట్లూ ఒకట్లయిన సంఖ్య మొదటి రకం ఖాళీ. 23వ బైట్ 2 అయితే, దానికంటే ఒకటి తక్కువది రెండో రకం ఖాళీ.
2. గుంపు వెడల్పు సున్నా అయితే ఆ గుంపు ఆధార విలువను చూడాలి. ఆధార విలువలకి కేటాయించిన బిట్లన్నీ ఒకట్లయితే గుంపు మొత్తం ఖాళీ. బంగాళాఖాతం మధ్యలో వరసగా వచ్చే సముద్రపు పాయింట్లు ఇలాగే ఉంటాయి.
3. ఖాళీల స్థానాలు పక్కన రాసుకుని, అసలు విలువలను మాత్రం వేరే వరసలో పేర్చాలి.
4. టెంప్లేట్ 3 అయితే తేడాలను తిరిగి కూడే పని ఆ పేర్చిన వరస మీదే చేయాలి.
5. చివరగా విలువలను వాటి స్థానాలకి పంపి, మిగిలినచోట్ల ఖాళీ గుర్తు పెట్టాలి.

నాలుగో మెట్టు మరోసారి చదవండి. తేడాలు తీసినప్పుడు ఖాళీలను దాటేసి తీశారు. "వెనకటి విలువ" అంటే వెనకటి పాయింట్ కాదు, వెనక ఉన్న ఖాళీ కాని పాయింట్. ఖాళీలను కూడా కూడికలో కలిపేస్తే మొదటి సముద్రం తగిలేవరకు ఫీల్డ్ బాగానే ఉంటుంది, అక్కణ్నుంచి చివరిదాకా చెత్త. మ్యాప్‌లో పైభాగం శుభ్రంగా ఉండి కింద గీతలు గీతలుగా కనిపిస్తే ముందు ఇక్కడే వెతకండి.

ఇంకో చిన్న తప్పు. 24 నుంచి 27 బైట్లలో మొదటి రకం ఖాళీకి పెట్టాల్సిన ప్రత్యామ్నాయ సంఖ్య ఉంటుంది. 21వ బైట్ 0 అయితే అది దశాంశ సంఖ్య, 1 అయితే పూర్ణాంకం. దశాంశంగా దాచిన 9999ని పూర్ణాంకంగా చదివితే 1176255488 వస్తుంది. ఆ అంకె ఎప్పుడైనా కనిపిస్తే నన్ను తలుచుకోండి.

సొంత డీకోడర్ సరిచేసే ఓపిక లేనివాళ్లకి పక్కదారి ఉంది. డబ్ల్యూగ్రిబ్2లో -సెట్_గ్రిబ్_టైప్ ఆప్షన్‌కి "సింపుల్" ఇచ్చి, -గ్రిబ్_అవుట్‌తో కొత్త ఫైల్ రాయించండి. సరళ ప్యాకింగ్‌లో ఖాళీలన్నీ బిట్‌మ్యాప్‌లోకి వచ్చేస్తాయి, పాత డీకోడర్ కూడా చదువుతుంది. ఫైల్ పరిమాణం పెరుగుతుంది, అదొక్కటే ఖర్చు. సంక్లిష్ట ప్యాకింగ్ ఉంచుతూనే బిట్‌మ్యాప్ కావాలంటే -సెట్_బిట్‌మ్యాప్ 1 అనే ఆప్షన్ కలపాలి.

టెంప్లేట్ 40 అంటే జేపెగ్2000, 41 పీఎన్‌జీ, 42 సీసీఎస్‌డీఎస్. వీటిలో సమస్య సాధారణంగా ఖాళీలది కాదు, ఆ కుదింపుకి కావాల్సిన లైబ్రరీ మీ బిల్డ్‌లో లేకపోవడం. 42 కోసం ఈసీకోడ్స్‌కి లిబ్‌ఏఈసీ కావాలి. ఈసీఎండబ్ల్యూఎఫ్ ఓపెన్ డేటా వాడేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

## 8. సున్నా బిట్ల ఫీల్డ్

5వ సెక్షన్‌లో ఒక్కో విలువకి ఎన్ని బిట్లో చెప్పే 20వ బైట్ కొన్నిసార్లు సున్నా ఉంటుంది. 7వ సెక్షన్ పొడవు 5 బైట్లే, లోపల ఏమీ లేదు. చూడగానే "డేటా లేదు" అనిపిస్తుంది.

నిజానికి డేటా ఉంది. విలువ ఉన్న పాయింట్లన్నింటిలోనూ ఒకటే అంకె అని దానర్థం. ఒక చిన్న ప్రాంతాన్ని కత్తిరించుకుంటే, ఎండాకాలంలో ఎక్కడా చుక్క వాన పడని రోజు వర్షపు ఫీల్డ్ ఇలా వస్తుంది. 5వ సెక్షన్‌లోని ఆధార విలువను 10^(దశాంశ ఘాతం)తో భాగిస్తే ఆ అంకె వస్తుంది. బిట్‌మ్యాప్ కూడా ఉంటే ఒకట్లున్నచోట ఆ అంకె, మిగతాచోట ఖాళీ.

ఘాతాల ప్రస్తావన వచ్చింది కాబట్టి: గ్రిబ్2లో నెగెటివ్ సంఖ్యకి ఎడమ చివరి బిట్ గుర్తు మాత్రమే. 128, 1 అనే రెండు బైట్లంటే మైనస్ 1. మామూలు రెండు బైట్ల పూర్ణాంకంలా చదివితే మైనస్ 32767 అవుతుంది, ఫీల్డ్ అంతా అనంతమో సున్నానో అయిపోతుంది. అదీ "మిస్సింగ్" లాగే కనిపిస్తుంది.

## 9. 9999ని నమ్మకండి

ఒక్కో టూల్ ఖాళీకి ఒక్కో అంకె పెడుతుంది. ఈసీకోడ్స్ ఏమీ చెప్పకపోతే 9999 ఇస్తుంది. డబ్ల్యూగ్రిబ్2 9.999 × 10^20 ఇస్తుంది. పైథాన్ లైబ్రరీ పైగ్రిబ్ మాస్క్ ఉన్న అరే ఇస్తుంది. సీఎఫ్‌గ్రిబ్ ద్వారా ఎక్స్‌అరేలో తెరిస్తే నాన్ ("అంకె కాదు" అనే గుర్తు) వస్తుంది.

9999తో చిక్కేమిటంటే అది నిజమైన విలువ కూడా కావచ్చు. 250 హెక్టోపాస్కల్ పీడన తలం ధ్రువాల వైపు చలికాలంలో దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ 9999 మీటర్లు అనేది బంగారంలాంటి విలువ. "9999 అయితే తీసేయ్" అన్న కోడ్ దాన్ని తీసేస్తుంది, ఎవరూ గమనించరు.

అందుకే:

- ఈసీకోడ్స్‌లో విలువలు చదవకముందే "మిస్సింగ్‌వాల్యూ" కీని ఆ ఫీల్డ్‌లో అసాధ్యమైన అంకెకి, ఉదాహరణకి మైనస్ 10^34కి, మార్చండి. చదివిన తర్వాత మారిస్తే చేతిలో ఉన్న అరే మారదు.
- డబ్ల్యూగ్రిబ్2 బైనరీ అవుట్‌పుట్ చదివేటప్పుడు సమానమా అని పోల్చొద్దు. 32 బిట్ల సంఖ్యను 64 బిట్లలోకి తెస్తే చివరి అంకెలు మారతాయి. 9.9989 × 10^20, 9.9991 × 10^20 మధ్య ఉందా అని చూడండి.
- ఏ టూల్ అయినా, చదివిన మరుక్షణమే నాన్‌గానో విడి మాస్క్‌గానో మార్చేయండి. ఆ అంకెను రెండో ఫంక్షన్ గడప తొక్కనివ్వొద్దు.

ఖాళీల్లో సున్నా నింపడం నాకు అసలు ఇష్టం లేని అలవాటు. నేల తేమ సున్నా అంటే ఎడారి, ఖాళీ అంటే సముద్రం. రైతుకి చూపించే యాప్‌లో ఈ రెండూ ఒకటైతే ఎలా?

## 10. పనుల వరస తప్పొద్దు

డీకోడ్ అయ్యాక ఈ వరసలోనే వెళ్లాలి:

1. ఖాళీలను మాస్క్ చేయడం
2. యూనిట్లు మార్చడం
3. తిప్పడం, కత్తిరించడం
4. మధ్య పాయింట్లకి విలువ కట్టడం
5. సగటులు, మొత్తాలు
6. ఫైల్‌గానో జేసన్‌గానో బయటికి పంపడం

మొదటిది వెనక్కి వెళ్తే ఖాళీ అంకె రూపం మార్చుకుంటుంది, తర్వాత ఏ వడపోతకీ దొరకదు. ఏ తప్పుకి ఏ అంకె వస్తుందో చూడండి:

- 9725.85: ఖాళీలోంచి 273.15 తీసేశారు.
- 17538.53: దాన్ని ఫారెన్‌హీట్‌కి కూడా మార్చారు.
- 14140.7: గాలి రెండు భాగాలూ ఖాళీ, వాటితో వేగం కట్టారు.
- 9.969 × 10^36: నెట్‌సీడీఎఫ్ ఫార్మాట్ ఖాళీలకి తనంతట తాను నింపిన అంకె.
- మైనస్ 246 దగ్గర: ఇది ఖాళీ కాదు. మ్యాప్ డేటా లైబ్రరీ జీడాల్ కెల్విన్‌ను సెల్సియస్‌కి మార్చే ఇచ్చింది, మీరు మళ్లీ మార్చారు.

ఆరో మెట్టులో ఒక మాట. జేసన్‌లో నాన్‌కి చోటు లేదు. పైథాన్ అలాగే రాసేస్తుంది, బ్రౌజర్ మాత్రం మొత్తం ఫైల్‌నే తిరస్కరిస్తుంది. "నల్"గా మార్చి పంపండి.

## 11. తీరంలోని ఊళ్లు

ఇప్పుడు మొదట్లో చెప్పిన మచిలీపట్నం 2499.975 సంగతి. ఊరు సుమారు 16.17 ఉత్తరం, 81.13 తూర్పు. దాని చుట్టూ నాలుగు గ్రిడ్ పాయింట్లు: అక్షాంశం 16.0, 16.25, రేఖాంశం 81.0, 81.25. ఊరి విలువను ఈ నాలుగింటి నుంచి, ఎంత దగ్గరో చూసి ఒక్కోదానికి బరువు ఇచ్చి కడతారు. తీరం కాబట్టి వీటిలో ఏదో ఒకటి మోడల్ దృష్టిలో సముద్రం కావచ్చు. మూడు పాయింట్లలో తేమ 0.30, సముద్రపు పాయింట్‌లో 9999, దాని బరువు 0.25 అనుకుందాం. 0.75 × 0.30 + 0.25 × 9999 = 2499.975. సరిగ్గా అదే అంకె.

సరిచేసే పద్ధతి:

- విలువ ఉన్న పాయింట్ల బరువులను మాత్రమే కూడండి. విలువ × బరువుల మొత్తాన్ని ఆ కూడికతో భాగించండి. పై లెక్కలో 0.225 / 0.75 = 0.30.
- మిగిలిన బరువు సగంకంటే తక్కువైతే ఆ పద్ధతి మానేసి దగ్గరలోని నేల పాయింట్ తీసుకోండి. సగం అన్నది నా అలవాటు, మీ అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.
- అలల ఎత్తు లాంటి ఫీల్డులకి ఇది తలకిందులు. అక్కడ నేల ఖాళీ, సముద్రం నిండు.
- దగ్గరి పాయింట్ కోసం ఎంత దూరం వెతకాలో హద్దు పెట్టండి. లేకపోతే అండమాన్ సముద్రం మధ్యలో అడిగినా ఏదో ఒక నేల తేమ చెబుతుంది.

సూచీ సరిగ్గా ఉందో లేదో కూడా ఇక్కడే తేల్చండి. 16.25, 81.25 పాయింట్‌కి వరస (90 − 16.25) / 0.25 = 295, నిలువు 81.25 / 0.25 = 325. సున్నా నుంచి లెక్కిస్తే 295 × 1440 + 325 = 425125వ స్థానం.

విజయవాడకి పనిచేసిన కోడ్ డాలస్‌లో ఉన్న చుట్టాలకి "డేటా లేదు" అంటోందని ఒకరు అడిగారు. జీఎఫ్‌ఎస్ రేఖాంశాలు 0 నుంచి 359.75 వరకు నడుస్తాయి. డాలస్ మైనస్ 96.8, దానికి 360 కలిపి 263.2గా అడగాలి. మన ఊళ్లన్నీ తూర్పునే ఉన్నాయి కాబట్టి ఈ తప్పు ఇక్కడ ఎన్నాళ్లున్నా బయటపడదు.

## 12. సరిచేశాక పరీక్ష

డబ్ల్యూగ్రిబ్2ని -స్టాట్స్ ఆప్షన్‌తో నడిపితే ప్రతి ఫీల్డ్‌కీ మొత్తం పాయింట్లు, ఖాళీల సంఖ్య, సగటు, కనిష్ఠం, గరిష్ఠం ఇస్తుంది. ఈసీకోడ్స్‌లో "నంబర్‌ఆఫ్‌మిస్సింగ్" కీ ఖాళీల సంఖ్య చెబుతుంది. మీ డీకోడర్ ఇచ్చిన సంఖ్యలతో పోల్చండి.

- ఖాళీల సంఖ్య ఒక్కటి కూడా తేడా లేకుండా కలవాలి. సగటులో చివరి దశాంశాల తేడా ఫరవాలేదు, ఖాళీల లెక్కలో "దాదాపు" అనేది లేదు.
- కనిష్ఠం, గరిష్ఠం కలవాలి.
- -లాన్ ఆప్షన్‌తో ఒక నేల పాయింట్, ఒక సముద్రపు పాయింట్ అడిగి చూడండి. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఇవ్వాలి.
- ఖాళీలే లేని ఫీల్డ్, అన్నీ ఖాళీలైన ఫీల్డ్, సున్నా బిట్ల ఫీల్డ్, ఉపమెసేజ్‌ల జంట: ఈ నాలుగు చిన్న ఫైళ్లనూ పరీక్షల ఫోల్డర్‌లో శాశ్వతంగా ఉంచండి.
- నేల తేమ మ్యాప్ గీసి భారత తీరరేఖ గుర్తుపట్టేలా ఉందో లేదో కళ్లతో చూడండి.

ఇవన్నీ చేసినా కుదరక ఎవరినైనా అడగాల్సి వస్తే, "మిస్సింగ్ వాల్యూ ఎర్రర్ వస్తోంది" అని మాత్రం రాయకండి. ఒక్క మెసేజ్ ఉన్న చిన్న ఫైల్, 5వ భాగంలో రాసుకున్న నాలుగు అంకెలు, టెంప్లేట్ 2 లేదా 3 అయితే 23వ బైట్, -స్టాట్స్ ఇచ్చిన వరస, మీ డీకోడర్ ఇచ్చిన ఖాళీల సంఖ్య పంపండి. ఇవి చేతిలో ఉంటే తప్పు ఏ సెక్షన్‌లో ఉందో చాలాసార్లు ఫైల్ తెరవకుండానే చెప్పొచ్చు.